పెద్దవారిలో పేగు చొరబాటు: నిర్ధారణ, శస్త్రచికిత్స

పేగులో ఒక భాగం దాని పక్క భాగంలోకి దూరిపోయి ఇరుక్కోవడాన్ని పేగు చొరబాటు అంటారు. వైద్యులు దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. రోగి బంధువులకు చెప్పేటప్పుడు మాత్రం ‘పేగులో పేగు దూరింది’ అంటారు. చొక్కా విప్పేటప్పుడు దాని చెయ్యి సగం లోపలికి మడతపడి ఉండిపోతే అక్కడ బట్ట మూడు పొరలవుతుంది. చొరబాటులో పేగు గోడ కూడా అలాగే మూడు పొరలవుతుంది. బయటి పొర పట్టుకున్న పేగుది, లోపలి రెండు పొరలు దూరిన పేగువి. పేగు తన చుట్టూ తానే తిరిగిపోయే ‘పేగు మెలిక’ వేరు, ఇది వేరు. రెండూ పేగుకు అడ్డంకి తెస్తాయి, రక్తప్రసారాన్ని ఆపుతాయి కాబట్టి జనం మాటల్లో రెండూ కలిసిపోతుంటాయి.

చొరబాటు ప్రధానంగా పసిపిల్లల జబ్బు. మొత్తం కేసుల్లో పెద్దవారివి దాదాపు 5 శాతమే. పెద్దవారిలో వచ్చే పేగు అడ్డంకుల్లోనూ దీని వాటా 1 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా కారణమేమీ కనబడదు. మలద్వారం గుండా గాలినో ద్రవాన్నో ఒత్తిడితో పంపితే దూరిన పేగు చాలామందిలో వెనక్కి వచ్చేస్తుంది, కోత అవసరం ఉండదు. పెద్దవారిలో లెక్క తారుమారు. వందలో 80 నుంచి 90 మందికి చొరబాటు వెనక ఒక గడ్డో, పాలిప్పో, మరో లోపమో ఉంటుంది. పేగును వెనక్కి లాగి వదిలేస్తే ఆ గడ్డ లోపలే మిగిలిపోతుంది. అందుకే పెద్దవారిలో పరీక్షలైనా, కోతైనా చొరబాటును దాటి దాని మూలాన్ని వెతుక్కుంటూ వెళ్తాయి.

చరిత్ర

పేగులో పేగు దూరడాన్ని మొదట గ్రంథస్తం చేసినవాడిగా ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు పాల్ బార్బెట్‌ను చెబుతారు. ఆ సంవత్సరం 1674. 1789లో లండన్ సర్జన్ జాన్ హంటర్ దీనిపై వివరమైన పత్రం చదివాడు. సర్జన్ జొనాథన్ హచిన్సన్ 1871లో రెండేళ్ల పాపకు పొట్ట కోసి, దూరిన పేగును సరిచేసి బతికించాడు. డెన్మార్క్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ 1876లో ద్రవపు ఒత్తిడితో పేగును వెనక్కి నెట్టే పద్ధతిని ప్రచురించాడు. ఈ చరిత్రలో ఎక్కువ భాగం పిల్లలదే.

పెద్దవారి కేసులు ఎంత అరుదో 1997లో అజార్, బెర్గర్ ప్రచురించిన పత్రం చూపుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ లాంటి పెద్ద ఆసుపత్రిలో 30 ఏళ్లలో దొరికిన పెద్దవారి కేసులు 58 మాత్రమే. వాటిలో 44 చిన్నపేగువి, 14 పెద్దపేగువి. మూడింట ఒక వంతు మందిలోనే ఆపరేషన్‌కు ముందు జబ్బు పేరు తెలిసింది. తర్వాతి కాలంలో సీటీ స్కాన్ వాడకం పెరిగి ఈ పరిస్థితిని చాలావరకు మార్చింది.

చొరబాటు జరిగే తీరు

పేగు గోడ అలలు అలలుగా ముడుచుకుంటూ తిన్నదాన్ని కిందికి నెడుతుంది. గోడ నుంచి లోపలికి ఒక గడ్డ వేలాడుతుంటే పేగు దాన్ని కూడా ఆహారపు ముద్దలాగే పట్టుకొని నెడుతుంది. ముద్ద కదిలిపోతుంది కానీ గడ్డ మొదలు వదలదు. గడ్డ వెంట గోడ, గోడ వెంట పేగును పట్టి ఉంచే మెసెంటరీ పొర, అందులోని రక్తనాళాలు లోపలికి సాగిపోతాయి. ఇలా ముందుండి దారితీసే గడ్డను సర్జన్లు లీడ్ పాయింట్ అంటారు.

ఇరుకులో పడ్డ రక్తనాళాల్లో మొదట నొక్కుకుపోయేవి పలచని గోడల సిరలు. రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి ఉండదు. పేగు ఉబ్బుతుంది, లోపలి పొర నుంచి రక్తం, జిగురు చెమరుస్తాయి. వాపు పెరిగేకొద్దీ ధమనులు కూడా మూసుకుపోతాయి. అప్పుడు పేగు కుళ్లి నల్లబడుతుంది, చిల్లుపడితే మలం పొట్టంతా పరుచుకుంటుంది. పిల్లల్లో ఇదంతా గంటల్లో జరగవచ్చు. పెద్దవారిలో మాత్రం పేగు కొన్నిసార్లు దూరుతూ, మళ్లీ దానంతట అదే సర్దుకుంటూ వారాలు, నెలలు గడిచిపోతాయి. నొప్పి వచ్చి పోతుంటుంది కాబట్టి రోగి కూడా, చూసేవారు కూడా దాన్ని గ్యాస్ నొప్పి కింద కొట్టిపారేస్తారు.

రకాలు

చొరబాటును అది జరిగిన చోటును బట్టి నాలుగు రకాలుగా చెబుతారు. చిన్నపేగు చిన్నపేగులోకే దూరడం ఒకటి, పెద్దపేగు పెద్దపేగులోకే దూరడం రెండోది. చిన్నపేగు చివరి భాగమైన ఇలియం, కవాటాన్ని దాటి పెద్దపేగులోకి వెళ్లడం మూడోది. నాలుగోదానిలో ఇలియం, పెద్దపేగు మొదటి భాగమైన సీకం కలిసేచోట ఉండే ఆ కవాటమే ముందుండి లోపలికి దూరుతుంది. కొన్నిసార్లు ఆపరేషన్ బల్ల మీద కూడా చివరి రెండింటినీ విడదీసి చెప్పడం కష్టమవుతుంది. దూరే దిశ సాధారణంగా కిందికే. బరువు తగ్గించే జీర్ణాశయ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో మాత్రం పేగు కింది నుంచి పైకి, అంటే వెనక్కి దూరడం కనిపిస్తుంది.

సిగ్మాయిడ్ పెద్దపేగు మలాశయంలోకి దూరినప్పుడు దాని కొన మలద్వారం బయటికి కూడా రావచ్చు. పైకి చూస్తే అది మలాశయం జారినట్టే ఉంటుంది. వేలితో పరీక్షిస్తే తేడా తెలుస్తుంది. జారిన మలాశయం పక్కన వేలు దూరే సందు ఉండదు. చొరబాటులో బయటికి వచ్చిన పేగుకూ మలద్వారం గోడకూ మధ్య వేలు సులువుగా లోపలికి వెళ్లిపోతుంది.

కారణాలు

చిన్నపేగు చొరబాటు వెనక ఎక్కువగా ఉండేవి క్యాన్సర్ కాని గడ్డలే. లైపోమా అనే కొవ్వుగడ్డ, ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిప్, ఇతర పాలిప్‌లు, పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కున్న చోట్లు, మెకెల్ డైవర్టికులం వీటిలో ముఖ్యమైనవి. మెకెల్ డైవర్టికులం పుట్టుకతో మిగిలిపోయిన చిన్న సంచి. ఇది నూటికి ఇద్దరిలో ఉంటుంది. అది తిరగబడి పేగు లోపలికి వేలాడితే లీడ్ పాయింట్‌గా మారుతుంది. చిన్నపేగు కేసుల్లో దాదాపు మూడో వంతుకు క్యాన్సర్ కారణం. వాటిలోనూ పేగులోనే పుట్టినవాటికంటే చర్మపు మెలనోమా వంటివి మరోచోట పుట్టి పేగుకు పాకినవి ఎక్కువ. లింఫోమా, జీఐఎస్‌టీ అనే పేగు గోడ కణితి కూడా ఈ జాబితాలో ఉంటాయి.

పెద్దపేగులో పరిస్థితి తిరగబడుతుంది. చాలా అధ్యయనాల్లో సగానికి పైగా కేసుల్లో లీడ్ పాయింట్ క్యాన్సరే, ఎక్కువగా అడినోకార్సినోమా. క్యాన్సర్ కాని వాటిలో పెద్దపేగు కుడివైపున పెరిగే లైపోమాదే మొదటి స్థానం. చిన్నపేగు చొరబాటు, పెద్దపేగు చొరబాటు అనే తేడా చికిత్సను నిర్ణయించేది ఇందుకే.

పెదవుల మీద, బుగ్గల లోపల నల్లటి మచ్చలు, పేగుల్లో గుత్తులుగా పాలిప్‌లు ఉండే వంశపారంపర్య జబ్బు పేరు పాయిట్జ్–జెగర్స్ సిండ్రోమ్. పాయిట్జ్ 1921లో, జెగర్స్ 1949లో దీన్ని వివరించారు. ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు సగం మందికి 20 ఏళ్లలోపే ఒకసారైనా చొరబాటు వస్తుంది. కడుపునొప్పితో వచ్చిన యువకుడి పెదవులను ఒకసారి పరికించి చూసినా జబ్బు దొరకవచ్చు.

మన దేశంలో పేగుల టీబీని విడిచి ఈ చర్చ సాగదు. పేగుల్లో టీబీ ఎక్కువగా పట్టే చోటు ఇలియం, సీకం కలిసే ప్రాంతమే. అక్కడ గోడ మందమెక్కి గడ్డకట్టినట్టవుతుంది. దానివల్ల చొరబాటు రావడం తరచుగా జరిగేది కాదు. అయినా కుడి పొట్టలో గడ్డ, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం కలిసి ఉంటే టీబీ, క్యాన్సర్, చొరబాటు మూడింటినీ ఒకేసారి మనసులో ఉంచుకోవాలి.

లక్షణాలు

పొట్టలో మెలిపెట్టినట్టు వచ్చి పోయే నొప్పి ప్రధాన లక్షణం. దాని వెంట వికారం, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలబద్ధకం, కొందరిలో మలంలో రక్తం ఉంటాయి. పిల్లల్లో వైద్య విద్యార్థులు కంఠస్థం చేసే మూడు గుర్తులు నొప్పి, చేతికి తగిలే గడ్డ, రక్తం–జిగురు కలిసిన ఎర్రటి విరేచనం. ఈ మూడూ కలిసి రావడం పెద్దవారిలో అరుదు. చేతికి తగిలే గడ్డ కూడా వచ్చి పోయేది కావచ్చు. ఉదయం తగిలిన గడ్డ సాయంత్రానికి లేకపోతే, మొదట చూసింది పొరపాటని కొట్టిపారేయకూడదు. అది పేగు సర్దుకుందనడానికి ఆధారమై ఉండవచ్చు.

నొప్పి ఆగకుండా నిలిచిపోవడం, జ్వరం, నాడి వేగం పెరగడం, పొట్ట చెక్కలా బిగుసుకోవడం పేగు కుళ్లిందనడానికీ చిల్లుపడిందనడానికీ సూచనలు. వీటితో వచ్చిన రోగికి స్కాన్ల కోసం గంటలు వృథా చేయకూడదు.

నిర్ధారణ

రక్త పరీక్షలు చొరబాటును పట్టివ్వవు కానీ రోగి స్థితిని చెబుతాయి. తెల్లకణాలు, లాక్టేట్ పెరగడం పేగుకు రక్తం అందడం లేదేమో అన్న అనుమానాన్ని పెంచుతాయి. పొటాషియం, క్రియాటినిన్ వాంతుల వల్ల జరిగిన నష్టాన్ని చూపుతాయి. హిమోగ్లోబిన్ తగ్గి ఉంటే గడ్డ నుంచి కొంతకాలంగా రక్తం కారుతోందేమో అని చూడాలి.

నిలబెట్టి తీసిన పొట్ట ఎక్స్‌రేలో ఉబ్బిన పేగులు, మెట్లుమెట్లుగా గాలి–నీటి గీతలు కనిపిస్తాయి. దానితో అడ్డంకి ఉందని తెలుస్తుంది, కారణం తెలియదు. డయాఫ్రం కింద గాలి కనిపిస్తే పేగుకు చిల్లుపడినట్టే.

చిన్న ఊరి ఆసుపత్రిలోనూ దొరికే అల్ట్రాసౌండ్ మంచి మొదటి పరీక్ష. చొరబడిన పేగును అడ్డంగా చూస్తే ఒకదానిలో ఒకటి ఉన్న వలయాలు కనిపిస్తాయి. వాటిని టార్గెట్ గుర్తు, గారె ఆకారం అంటారు. నిలువుగా చూస్తే పక్కన మరో మూత్రపిండం ఉన్నట్టు కనిపిస్తుంది. అడ్డంకి వల్ల పేగుల్లో గాలి నిండితే, రోగి లావుగా ఉంటే స్పష్టత పోతుంది. అల్ట్రాసౌండ్‌లో కనబడలేదు కాబట్టి చొరబాటు లేదనే నిర్ణయానికి రావడం తప్పు.

పెద్దవారిలో నిర్ధారణకు ఆధారం కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ స్కాన్. దానిలో పేగులో పేగు ఉన్నట్టు కనిపించడమే కాదు, లోపలి పేగు వెంట ఒకవైపుగా చేరిన మెసెంటరీ కొవ్వు నల్లటి చంద్రవంకలా, దానిలో రక్తనాళాలు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. పేగులోపల కొవ్వు, రక్తనాళాలు ఉండటానికి మరో కారణం దాదాపు లేదు కాబట్టి ఈ దృశ్యం చొరబాటుకు సంతకం. చొరబాటు ఏ చోటిది, ఎంత పొడవు, అడ్డంకి ఉందా, గోడకు రక్తం అందుతోందా అన్నవి అదే స్కాన్ చెబుతుంది. లీడ్ పాయింట్ లైపోమా అయితే దాని సాంద్రత కొవ్వుతో సరిపోతుంది కాబట్టి కోతకు ముందే పేరు చెప్పవచ్చు. మిగతా గడ్డల విషయంలో వాపు, లీడ్ పాయింట్ కలగలిసిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది.

సీటీ వాడకం పెరిగాక కొత్త చిక్కు కూడా వచ్చింది. మరో కారణంతో స్కాన్ తీయించుకున్నవారి చిన్నపేగులో కొద్దిపాటి చొరబాట్లు అనుకోకుండా కనిపిస్తున్నాయి. పొడవు 3.5 సెం.మీ. లోపు, గడ్డ లేదు, పై పేగు ఉబ్బలేదు, రోగికి బాధ లేదు అంటే అది పేగు కదలికలో ఒక క్షణం మాత్రమే. కొద్దిసేపటికి మళ్లీ స్కాన్ చేస్తే కనిపించదు. ఇలాంటివారికి కోత పెట్టకూడదు. ఇవి పదేపదే వస్తుంటే సీలియాక్ జబ్బు, క్రోన్స్ జబ్బు ఉన్నాయేమో చూడాలి.

అడ్డంకి, పేగు కుళ్లిన సూచనలు లేని పెద్దపేగు చొరబాటులో కొలనోస్కోపీతో గడ్డను చూసి ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. ఎక్కువ కాలంగా చొరబడి రక్తప్రసారం దెబ్బతిన్న చోట ముక్క తీయడం, పాలిప్ కోయడం ప్రమాదం, పేగుకు చిల్లు పడవచ్చు.

అడవి అంచు ప్రాంతంలో నిర్ధారణ

ఈ పరీక్షలన్నీ దగ్గర్లో దొరకని చోట నిర్ధారణ ఎలా సాగుతుందో తెలంగాణలోని భద్రాచలం ప్రాంతాన్ని తీసుకొని చూడవచ్చు. ఖమ్మం మైదానం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం చేరేసరికి గోదావరి, దాని అవతల అడవి మొదలవుతాయి. దుమ్ముగూడెం, చర్ల మండలాలు ఛత్తీస్‌గఢ్ హద్దు దాకా సాగుతాయి. కోయలు, కొండరెడ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయలు ఇక్కడి గూడేల్లో ఉంటారు. 2014 రాష్ట్ర విభజనలో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. దానితో పట్టణం మూడు రాష్ట్రాల పల్లెలకు దగ్గర ఊరైంది. చర్ల వైపు గూడెంలో కడుపునొప్పి మొదలైన మనిషికి చూపించుకునే దారి సాధారణంగా నాటు వైద్యుడైన వడ్డె దగ్గరో ఆర్‌ఎంపీ దగ్గరో మొదలై పీహెచ్‌సీకి, భద్రాచలం ఏరియా ఆసుపత్రికి, ఆపైన కొత్తగూడెం, ఖమ్మం, అవసరమైతే వరంగల్ ఎంజీఎంకు, హైదరాబాద్‌లోని గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌కు సాగుతుంది. భద్రాచలం నుంచి ఖమ్మానికే దాదాపు 120 కి.మీ. వానాకాలంలో వాగులు పొంగితే గూడెం నుంచి తారురోడ్డు చేరడమే ఒక ప్రయాణం.

ఈ ప్రాంతంలో వచ్చి పోయే కడుపునొప్పికి పోటీ కారణాలు చాలా ఉన్నాయి. మలేరియా జ్వరంలో వాంతులు, కడుపునొప్పి మామూలే. టైఫాయిడ్ ముదిరితే పేగుకు చిల్లు పడుతుంది. సారా అలవాటున్న మనిషికి నొప్పి పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకితే క్లోమం వాపు అయి ఉండవచ్చు. గిరిజన జనాభాలో సికిల్‌సెల్ జబ్బు ఉంది. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి చిన్న రక్తనాళాలను మూసేసినప్పుడు వచ్చే సంక్షోభంలో పొట్ట నొప్పి ఎంత తీవ్రంగా ఉంటుందంటే, సర్జన్ పొట్ట కోయడానికి సిద్ధపడేంత. కేంద్రం 2023 జులైలో సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి 2047ను గడువుగా పెట్టుకుంది. ఆ మిషన్ కింద చేసే పరీక్షలో ఇచ్చే కార్డు రోగి దగ్గర ఉంటే కడుపునొప్పి రోజున అత్యవసర గదిలో దాని విలువ తెలుస్తుంది. అయితే సికిల్‌సెల్ ఉన్నంత మాత్రాన ప్రతి నొప్పీ దానిదే కాదు. వాంతులు ఆగకపోవడం, గ్యాస్ కూడా పోకపోవడం, పొట్ట ఉబ్బడం పేగు అడ్డంకినే సూచిస్తాయి.

సీటీ లేనిచోట వైద్యుడు చేయవలసింది జబ్బు పేరు తేల్చడం కాదు, పేగు అడ్డంకిని గుర్తించి సకాలంలో పంపడం. ముక్కు గొట్టం వేసి జీర్ణాశయాన్ని ఖాళీ చేయడం, సెలైన్ ఎక్కించడం, మూత్రం గొట్టం వేసి గంటగంటకూ కొలవడం, యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇవ్వడం పంపే ముందే పూర్తికావాలి. ఏ గంటకు ఏమిచ్చారో రాసిన కాగితం రోగితో వెళ్లాలి. విరేచనం కోసం మందులు, ఎనిమా ఇవ్వకూడదు. తెలిసినవారు ఇచ్చిన పసరు, నొప్పి సూది వల్ల నొప్పి కాసేపు తగ్గినా పేగు కుళ్లడం ఆగదు. రోగిని పంపడానికి 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్స్ సేవ ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చు భయాన్ని కొంత తగ్గించింది, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. విభజనలో ఆంధ్ర వైపు వెళ్లిన మండలాల వారి కార్డులు వేరు. వారికి వర్తించేది ఎన్టీఆర్ వైద్య సేవ. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక వైద్యులను తయారుచేసే సంస్థలు ఈ దారిలోనే వెలిశాయి.

ఆపరేషన్‌కు ముందు

రోగికి నీరు, ఉప్పు, పొటాషియం లోటు తీరాలి. గంటకు కిలో బరువుకు కనీసం అర మిల్లీలీటరు మూత్రం రావడం అందుకు కొలమానం. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇస్తారు. సికిల్‌సెల్ రోగికి మత్తు ఇచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడకుండా, నీరు తగ్గకుండా, ఆక్సిజన్ పడిపోకుండా చూడటం ముఖ్యం. ఈ మూడింటిలో ఏది తప్పినా కణాలు కొడవలి ఆకారంలోకి మారతాయి. పేగు కొనను పొట్ట మీదికి తీసే స్టోమా అవసరం కావచ్చని రోగికి, ఇంట్లోవారికి ముందే చెప్పి, పొట్ట మీద దాని స్థానాన్ని గుర్తు పెట్టడం మంచిది. లేచాక పొట్ట మీద సంచి చూసి హతాశుడయ్యే పరిస్థితి అప్పుడు రాదు.

వెనక్కి లాగాలా, కోసి తీసేయాలా

శస్త్రచికిత్సలో అసలు చర్చ ఇదే. పిల్లల్లో పేగును వెనక్కి తేవడమే చికిత్స కాగా పెద్దవారిలో దానికి కొన్ని ప్రమాదాలున్నాయి. ఉబ్బి నానిన పేగు లాగేటప్పుడు చిరిగిపోవచ్చు. లీడ్ పాయింట్ క్యాన్సర్ అయితే నొక్కుడులో కణాలు పొట్టలోకీ రక్తంలోకీ చెదిరిపోవచ్చు. వాచిన పేగుకు అతుకు వేస్తే అది నిలవకపోవచ్చు. అందుకే పెద్దపేగు చొరబాటుకు నియమం స్పష్టం. దాన్ని వెనక్కి లాగకుండా, క్యాన్సర్ ఆపరేషన్ పద్ధతిలో లింఫు గ్రంథులతో సహా పూర్తిగా కోసి తీసేస్తారు. సరైన దశ నిర్ణయానికి కనీసం 12 లింఫు గ్రంథులు పరీక్షకు వెళ్లాలి.

చిన్నపేగులో నిర్ణయం అంత ఏకపక్షం కాదు. కారణం క్యాన్సర్ కాదని నమ్మడానికి గట్టి ఆధారం ఉండి, పేగు బతికే ఉంటే జాగ్రత్తగా వెనక్కి తెచ్చి, కారణమున్న కొద్ది భాగాన్నే తొలగించవచ్చు. చాలా పొడవు పేగు చొరబడిన సందర్భాల్లో ఇది ముఖ్యం, మొత్తం కోసేస్తే మిగిలిన పేగు పోషణకు సరిపోకపోవచ్చు. పాయిట్జ్–జెగర్స్ రోగుల్లో జీవితకాలంలో ఇలాంటి ఆపరేషన్లు ఒకటి కంటే ఎక్కువ రావచ్చు కాబట్టి ప్రతి సెంటీమీటరూ దాచుకోవాలి. వారిలో పెద్ద పాలిప్‌లను చిన్నపేగును లోపలి నుంచి చూసే ఎంటరోస్కోపీతో ముందే తీసేయడం చొరబాటును నివారించే మార్గం.

ఆపరేషన్ బల్ల మీద

పొట్టను నడిమధ్య గీతలో తెరిస్తే మొదట ఉబ్బిన పేగులు బయటికి పొంగుతాయి. సర్జన్ సీకం దగ్గర మొదలుపెట్టి చిన్నపేగు వెంబడి వేళ్లతో తడుముకుంటూ వస్తే ఒకచోట మెత్తటి పేగు గట్టి ముద్దగా మారుతుంది. దాని పైన పేగు లావుగా, కింద సన్నగా ఉంటుంది. ఆ ముద్ద కొనలో దాగి ఉన్నది ఏమిటో బయటి నుంచి నొక్కి చూడవచ్చు. కానీ వేళ్ల కొసలు లైపోమానూ క్యాన్సర్‌నూ వేరు చేయలేకపోవచ్చు.

వెనక్కి తేవాలని నిర్ణయించుకుంటే పై పేగును పట్టి లాగకూడదు. కింది కొన నుంచి పిడికిట్లో పట్టి ఆవుపొదుగు పిండినట్టు కొద్దికొద్దిగా పైకి నెట్టాలి. బయటికి వచ్చిన పేగు ఊదాగా, నల్లగా ఉన్నంత మాత్రాన చచ్చిందని తీర్పు చెప్పకూడదు. వెచ్చటి సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి, మత్తు డాక్టర్‌ను ఆక్సిజన్ పెంచమని అడిగి, 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. గుడ్డ తీసేసరికి గులాబీ రంగు తిరిగి వచ్చి, మెసెంటరీలో ధమనులు కొట్టుకుంటూ, చిటికేస్తే గోడ ముడుచుకుంటే పేగు బతికినట్టు. ఆ మూడింటిలో ఏదీ లేకపోతే అంతవరకు కోసి తీసేయాలి. ఇండోసయనిన్ గ్రీన్ రంగు ఎక్కించి, ప్రత్యేక కెమెరాలో రక్తప్రసారం చూసే సదుపాయం పెద్ద కేంద్రాల్లో ఈ నిర్ణయానికి సాయం చేస్తోంది.

ఏ ఆపరేషన్ చేయాలన్నది చోటును బట్టి ఉంటుంది. చిన్నపేగులో చెడిన భాగం తీసి రెండు కొనల్నీ కలిపి కుడతారు. ఇలియం పెద్దపేగులోకి దూరినప్పుడు, కుడివైపు పెద్దపేగు చొరబాటులో పెద్దపేగు కుడి భాగాన్ని తీసేసే కుడి హెమికొలెక్టమీ చేస్తారు. ఎడమవైపు, సిగ్మాయిడ్‌లో ఉన్నవాటికి ఆ భాగం కోసేస్తారు. రోగి నిలకడగా ఉండి, పొట్ట శుభ్రంగా ఉంటే అప్పుడే కలుపుతారు. షాక్‌లో ఉన్నవారికి, చిల్లుపడి మలం పరుచుకున్నవారికి హార్ట్‌మన్ పద్ధతిలో కింది కొనను మూసి, పై కొనను పొట్ట మీద స్టోమాగా తీస్తారు. అతుకు చేత్తో వేసినా, స్టేప్లర్‌తో వేసినా దాని బలం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. కొనలకు రక్తం బాగా అందాలి, వాటి మీద లాగుడు ఉండకూడదు.

లాపరోస్కోపీతో చొరబాటును చూడటం, చిన్న కోతలతో చెడిన భాగాన్ని తీయడం అనుభవజ్ఞుల చేతుల్లో సాధ్యమే. ఉబ్బిన పేగుల మధ్య కెమెరాకు చోటు తక్కువ, పరికరం మొన గీసుకుంటే పలచబడిన గోడ చిల్లుపడుతుంది. అందువల్ల అడ్డంకి తీవ్రంగా ఉన్నవారికి, కుళ్లిన పేగు ఉన్నవారికి తెరిచి చేసే ఆపరేషనే సురక్షితం. జీర్ణాశయ బైపాస్ చేయించుకున్నవారిలో వెనక్కి దూరే చొరబాటుకు సాధారణంగా లీడ్ పాయింట్ ఉండదు. వారిలో పేగు బాగుంటే వెనక్కి తెచ్చి కుట్టి నిలపడమో, అతుకు సరిచేయడమో చేస్తారు. ముదిరి పేగు చెడితే కోతే దారి. గర్భిణుల్లో నొప్పిని, వాంతులను గర్భం వల్లేనని అనుకోవడంతో నిర్ధారణ ఆలస్యమవుతుంది. కోత అవసరమైతే గర్భం కారణంగా దాన్ని వాయిదా వేయకూడదు.

ఆపరేషన్ తర్వాత

తీసిన భాగాన్ని ఫార్మలిన్ డబ్బాలో వేసి రోగి పేరు, చోటు రాసి హిస్టోపాథాలజీకి పంపుతారు. ఆపరేషన్ బల్ల మీద కంటికి కనిపించింది చివరి మాట కాదు. మైక్రోస్కోపు కింద లైపోమా అనుకున్నది జీఐఎస్‌టీ కావచ్చు, క్యాన్సర్ అనుకున్నది టీబీ కావచ్చు. టీబీ అయితే ఆరు నెలల మందులు, క్యాన్సర్ అయితే ఆంకాలజిస్ట్ సలహా, పాయిట్జ్–జెగర్స్ అయితే కుటుంబ సభ్యుల పరీక్ష అవసరమవుతాయి. ఆ రిపోర్టు రోగి చేతికి చేరినప్పుడే చికిత్స పూర్తవుతుంది. ఫోన్ సిగ్నల్ లేని గూడేనికి తిరిగి వెళ్లిపోయిన రోగికి రిపోర్టు చేరాలంటే ఆశా కార్యకర్త పేరు, ఫోన్ నంబరు కేసు షీట్‌లో ముందే రాసి ఉండాలి.

అతుకు కారడం సాధారణంగా ఐదు నుంచి ఏడో రోజు మధ్య తెలుస్తుంది. జ్వరం, నాడి వేగం, మళ్లీ మొదలైన పొట్టనొప్పి దాని సూచనలు. డిశ్చార్జి అయి వెళ్లినవారు ఈ వ్యవధిలో ఇలాంటి లక్షణాలతో వెనక్కి రావాలన్న సంగతి ఇంటివారికి తెలిసి ఉండాలి. స్టోమా ఉన్నవారికి సంచి మార్చడం, చుట్టూ చర్మం కాపాడుకోవడం ఆసుపత్రిలోనే నేర్పాలి. తాత్కాలికమైన స్టోమాను కొన్ని నెలల తర్వాత మూయవచ్చు.

సకాలంలో ఆపరేషన్ జరిగి, కారణం క్యాన్సర్ కానప్పుడు రోగి పూర్తిగా కోలుకుంటాడు, చొరబాటు తిరిగి రావడం అరుదు. క్యాన్సర్ అయినప్పుడు ఆయుష్షును నిర్ణయించేది ఆ క్యాన్సర్ రకం, దశ. పేగు కుళ్లి, చిల్లుపడ్డాక వచ్చినవారిలో మరణాల ముప్పు ఎక్కువ. కడుపునొప్పి మొదలైన గంట నుంచి కోత పెట్టిన గంట వరకు పోయిన సమయమే ఆ ముప్పును పెంచుతుంది.